ఫ్యోర్డ్ గుర్రం జూలు: నిలబెట్టి కత్తిరించాలా, పొడుగ్గా వదిలెయ్యాలా, బోడి చెయ్యాలా?

ఫ్యోర్డ్ గుర్రం అనగానే కళ్ళముందు మెదిలేది మెడమీద బ్రష్షులా నిక్కబొడుచుకుని, నడిమధ్య నల్లచారతో ఉండే ఆ జూలు. పుట్టుకతోనే అది అలా నిలబడుతుందని చాలామంది అనుకుంటారు. కాదు. మంగోలియా ప్షెవాల్‌స్కీ అడవి గుర్రానికి జూలు తనంతట తానే పొట్టిగా నిలబడుతుంది కానీ, నార్వే పశ్చిమ తీరంలోని ఈ పనిగుర్రానికి మాత్రం మామూలు గుర్రాల్లాగే పెరిగి పక్కకు వాలిపోతుంది. నిలబెట్టేది కత్తెరే. అందుకే దీన్ని ఎలా ఉంచాలన్న ప్రశ్న వస్తుంది.

ముందు ఒడ్డూపొడుగూ చూద్దాం, కత్తిరింపు దాన్నిబట్టే ఉంటుంది. ఎత్తు మూపు దగ్గర సుమారు 135 నుంచి 150 సెంటీమీటర్లు, బరువు 400 నుంచి 500 కిలోలు. పొట్టి కాళ్ళు, వెడల్పాటి ఛాతీ, బలిసిన మెడ. రంగు ఎప్పుడూ డన్నే, అంటే ఒళ్ళు లేతగా, వెన్నుమీద చార ముదురుగా ఉండే రంగు. అందులో ఐదు ఛాయలు. పదింట తొమ్మిది బ్రూన్‌బ్లక్ అనే గోధుమ ఛాయవి. వెన్ను పొడవునా నల్లచార, కాళ్ళమీద అడ్డచారలు ఉంటాయి. ఆ వెన్నుచారే మెడమీద జూలు మధ్యలోంచి నల్లగా సాగి నుదుటి కుచ్చు దాకా వస్తుంది. ఈ నల్లటి నడిభాగాన్ని నార్వేలో మిడ్‌స్టూల్ అంటారు. దానికి రెండు పక్కలా తెల్లటి వెంట్రుకలు. కొన్నింటికి చెంపమీదో తొడమీదో చిన్న గోధుమరంగు మచ్చలుంటాయి. జాతికి మూలపురుషుడనదగ్గ న్యోల్ 166 అనే పోతుగుర్రం పేరుమీద వాటిని న్యోల్ మచ్చలంటారు. మనకు నాలుగు కాళ్ళూ ముఖమూ తెల్లగా ఉన్న పంచకల్యాణి అంటే శుభం. ఇక్కడ తెల్లకాళ్ళు తప్పు కిందే లెక్క. ఆడగుర్రానికి నుదుట చిన్న చుక్కయితే చూసీచూడనట్టు వదిలేస్తారు, అంతే.

ఇప్పుడు మూడు దారులు.

నెలవంక కత్తిరింపు. ప్రదర్శనల్లో చూసేది ఇదే. పక్కనుంచి చూస్తే మెడ పైఅంచు వంపునే జూలు కూడా అనుసరిస్తుంది. చెవుల దగ్గరా మూపు దగ్గరా 4-5 సెంటీమీటర్లు, మధ్యలో 7-8. తెల్ల వెంట్రుకలు కాస్త పొట్టిగా, నల్లవి వాటికన్నా 1 నుంచి 1.5 సెంటీమీటర్లు పొడుగ్గా.

ఇందులో చేతిపనికన్నా వరస ముఖ్యం. జూలు షాంపూతో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. తడి వెంట్రుక బరువుకు సాగి పొడుగ్గా కనిపిస్తుంది, ఆరాక పైకి లేచి అనుకున్నదానికన్నా పొట్టిదవుతుంది. కండిషనర్, నూనె అసలొద్దు, జారుడుకు వెంట్రుక నిలబడదు. గుర్రం తల సహజమైన ఎత్తులో ఉండగానే కత్తెర వెయ్యాలి. గడ్డి అందించి తల కిందికి దించిన గుర్రానికి మెడ సాగి ఉంటుంది. అప్పుడు తీర్చిన వంపు తల ఎత్తగానే గతుకులుగా తేలుతుంది. కొత్తవాళ్ళ కోత చెడేది చాలాసార్లు ఇక్కడే.

జూలును పైకి దువ్వి, పొడవాటి కత్తెరతో ముందు ఒక పక్క తెల్లభాగాన్ని కావలసిన కొలతకన్నా ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంచి కత్తిరించాలి. నాలుగడుగులు వెనక్కి వేసి పక్కనుంచి చూడాలి. తర్వాత రెండో పక్క. రెండూ సమానమయ్యాకే నల్లభాగం. ముందే నల్లది తెగ్గోస్తే తెల్లదాన్ని దానికన్నా కిందికి దించాల్సి వస్తుంది, జూలంతా పొట్టిదైపోతుంది. ఎక్కడైనా గుంట పడితే దాన్ని కప్పిపుచ్చడానికి చుట్టుపక్కల తెగ్గొయ్యకండి. మూడు వారాలు ఆగితే గుంట అదే పూడుతుంది. నుదుటి కుచ్చు జోలికి పోవద్దు.

కోతతో కంటిని కాస్త మోసం చెయ్యొచ్చు కూడా. మెడ సన్నగా ఉంటే మధ్యలో ఇంకో సెంటీమీటరు వదలండి, నిండుగా కనిపిస్తుంది. లావు మెడకు మధ్యలో తగ్గించండి. గుల్‌బ్లక్ అనే పసుపు ఛాయ గుర్రాల్లో నల్లచార దాదాపు కనిపించనంత లేతగా ఉండొచ్చు. వాటికి రెండు అంతస్తుల కోత వృథా శ్రమ, ఒకే ఎత్తున తీర్చితే చాలు.

దీని ఖరీదు కాలం. వెంట్రుక నెలకు సుమారు ఒకటిన్నర, రెండు సెంటీమీటర్లు పెరుగుతుంది. 10-12 దాటితే వాలడం మొదలు. కాబట్టి నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తెర తప్పదు.

పొడుగ్గా వదిలెయ్యడం. నెలనెలా కత్తెర పట్టే మనిషి లేనప్పుడు సగం పెరిగి సగం వాలిన జూలుకన్నా ఇది నయం. వాన నీరు మెడమీంచి జారిపోతుంది, వేసవిలో దోమలూ ఈగలూ కొంత తగ్గుతాయి. కానీ ఈ జాతి వెంట్రుక ఒత్తుగా, బిరుసుగా ఉంటుంది. దువ్వకపోతే ముళ్ళకాయలు చిక్కుకుని ఉండకడతాయి. దువ్వెన కొసలనుంచి మొదలుపెట్టి పైకి రావాలి. చిన్న దోమ కాటుకు దురదపెట్టే గుర్రమైతే జాగ్రత్త: పొడుగు జూలు కింద పుండ్లు పడ్డా తొందరగా కంటబడవు. వారానికోసారి వేళ్ళతో మెడ పైఅంచు తడిమి చూడాలి. బండి లాగే గుర్రానికి జూలు పట్టెడ కింద నలుగుతుంది, పగ్గాలకు చుట్టుకుంటుంది.

బోడి చెయ్యడం. క్లిప్పర్‌తో సెంటీమీటరు దాకా తీసేస్తారు. దీన్ని శాశ్వత పద్ధతిగా కాక మరమ్మతుగానే చూడాలి. ఒకసారి వాలిన జూలును కత్తెరతో తిరిగి నిలబెట్టడం కష్టం, మొదలంటా తీసి కొత్తగా పెరగనిస్తే నిటారుగా వస్తుంది. ఆకారం పట్టేంత ఎత్తుకు మూడు నాలుగు నెలలు. ఈలోగా మెడకు ఈగల నుంచి అడ్డేమీ ఉండదు. క్లిప్పర్ ఈ పనికి బాగానే ఉంటుంది కానీ నెలవంక తీర్చడానికి పనికిరాదు. ఒక్క తల విదిలింపుకు వేలెడు వెడల్పున నల్లచార పోతుంది.

బోడి చేసినా మళ్ళీ వాలుతోందంటే లోపం వెంట్రుకల్లో కాకపోవచ్చు. మెడ పైఅంచును చేత్తో పట్టి అటూ ఇటూ ఊపి చూడండి. గట్టిపడి ఒక పక్కకు ఒరిగి ఉంటే అది కొవ్వు. ఫ్యోర్డ్ గుర్రం కొండగడ్డితోనే ఒళ్ళుచేసే రకం. ఇలా మెడలో కొవ్వు పేరుకోవడం గిట్టల వాపుకు ముందస్తు సూచన కావచ్చు కాబట్టి పశువైద్యుడికి చూపించాలి. ఒళ్ళు తగ్గించాలంటే మామూలుగా చెప్పే లెక్క రోజుకు శరీర బరువులో ఒకటిన్నర శాతం ఎండుగడ్డి, అంటే 450 కిలోల గుర్రానికి దాదాపు 7 కిలోలు. దాణా ఆపెయ్యాలి. బాగా ఒరిగిపోయిన మెడ ఎంత కొవ్వు కరిగినా పూర్తిగా నిటారు కాదు.

ఏది మేలంటారా? సవారీకో బండికో ప్రదర్శనకో వాడేదైతే, కత్తెర పట్టే చెయ్యి నెలకోసారి దొరికితే, నెలవంకే. నల్లచార ఉన్న గుర్రానికి దాన్ని దాచిపెట్టడం అన్యాయం కూడా. బీడులో వదిలేసి ఎప్పుడో చూసే గుర్రానికి పొడుగు జూలు. అది మారి మళ్ళీ నెలవంకకు రావాలనుకుంటే చలికాలం చివర్లో బోడి చేయించండి. దోమలు మొదలయ్యే వేళకు కనీసం నాలుగైదు సెంటీమీటర్లయినా మెడను కప్పుతుంది.