రిచ్‌మండ్ ఒలింపిక్ ఓవల్: పోటీలు అయిపోయాక మొదలైన అసలు పని

కెనడాలో వాంకూవర్ పక్కన రిచ్‌మండ్‌లో, ఫ్రేజర్ నది ఒడ్డున ఉన్న ఒలింపిక్ ఓవల్ అనే స్పోర్ట్స్ సెంటర్‌కి నేను ఏళ్లుగా మెంబర్‌ని. చేరింది షటిల్ కోసం. ఇప్పుడు జిమ్, పిల్లల స్కేటింగ్, చలికాలంలో నడక, అన్నీ ఇక్కడే. ఈ వైపుకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు ఎవరడిగినా ముందు దీని పేరే చెబుతాను.

2010 వింటర్ ఒలింపిక్స్ స్పీడ్ స్కేటింగ్ ఇక్కడే జరిగింది. డచ్ స్కేటర్ స్వెన్ క్రామర్ 10,000 మీటర్లలో అందరికన్నా తక్కువ టైమ్‌లో పూర్తి చేసి కూడా, మధ్యలో కోచ్ సైగ నమ్మి తప్పు లేన్‌లోకి మారినందుకు డిస్‌క్వాలిఫై అయ్యాడు. బంగారు పతకం కొరియా స్కేటర్ లీ సుంగ్-హూన్‌కి దక్కింది. అంత కథ నడిచిన 400 మీటర్ల ఐస్ ట్రాక్ ఇప్పుడు లేదు. దాని చోట ఒకవైపు రెండు ఐస్ రింకులు, మధ్యలో చెక్క ఫ్లోర్ కోర్టులు, ఇంకోవైపు 200 మీటర్ల రన్నింగ్ ట్రాక్ ఉన్నాయి. మేడ మీద జిమ్. అక్కడ ట్రెడ్‌మిల్ ఎక్కితే కిందంతా కనిపిస్తుంది.

దాదాపు 17.8 కోట్ల కెనడా డాలర్లతో కట్టిన భవనం ఇది. ఒలింపిక్స్ అయ్యాక తాళాలు పడిన స్టేడియాలు లోకంలో చాలానే ఉన్నాయి. ఇది బతికింది, ఎందుకంటే పోటీల తర్వాత ఊరికి ఎలా ఉపయోగపడాలో ముందే ఆలోచించి కట్టారు. 2008 చివర్లోనే తెరిచారు కాబట్టి ఒలింపిక్స్‌కి ముందే జనానికి అలవాటైంది.

ఎవరినైనా మొదటిసారి తీసుకెళితే తల పైకెత్తి చూడమంటాను. బ్రిటిష్ కొలంబియా అడవుల్లో బెరడు కింద చేరే ఒక చిన్న పురుగు లక్షల హెక్టార్లలో పైన్ చెట్లను చంపేసింది. అలా చచ్చిన చెట్ల కలపతోనే ఈ పైకప్పు పలకలు చేశారు. పలకల్లో వదిలిన సందులు శబ్దాన్ని తగ్గించడానికి తోడ్పడతాయి. వాటిని మోసే పెద్ద ఆర్చీలు లోపల బోలుగా ఉంటాయి, గాలి గొట్టాలూ వైర్లూ వాటిలోంచే వెళ్తాయి. కప్పు మీద పడిన వాన నీటిని పట్టి టాయిలెట్లకూ మొక్కలకూ వాడతారు. వాంకూవర్ వానల సంగతి తెలిసినవాళ్లకి ఆ నీళ్ల విలువ వేరే చెప్పక్కర్లేదు.

షటిల్ ఆడేవాళ్లకి ఈ కప్పు ఎత్తు వరం. లాబ్ ఎంత పైకి లేపినా దేనికీ తగలదు, గోధుమ రంగు కలప మీద తెల్ల షటిల్ స్పష్టంగా కనిపిస్తుంది. తక్కువ ఎత్తున్న హాళ్లలో ఆడి వచ్చినవాళ్లకి మొదటి గేమ్‌లో దూరం అంచనా దొరకదు, కాస్త ఓపిక పట్టాలి.

నవంబర్ నుంచి ఇక్కడ వాన వదలదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని దిగులుపడే రోజులవి. మా నాన్నగారు విజయవాడలో కృష్ణ ఒడ్డున రోజూ నడిచే మనిషి. ఇక్కడికొచ్చాక ఓవల్‌లోని రన్నింగ్ ట్రాక్ మీద బయటి లేన్ పట్టుకుని నడుస్తూ, పక్కన పరుగు ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లని చూసి "వీడి అడుగు బాగుందిరా" అని మెచ్చుకునేవారు. జాతీయ స్థాయిలో శిక్షణ పొందేవాళ్లూ మా నాన్నగారిలాంటివాళ్లూ ఒకే కప్పు కింద ఉండటం నాకు చాలా నచ్చిన విషయం.

ఒక్క లోటు గురించి చెప్పాలి. లాంగ్ ట్రాక్, అంటే 400 మీటర్ల ఐస్ మీద స్పీడ్ స్కేటింగ్ నేర్చుకోవాలనుకునే పిల్లలకి ఇది పనికిరాదు. కెనడాలోనే ఉన్న కాల్గరీలో 1988 వింటర్ ఒలింపిక్స్ కోసం కట్టిన ఓవల్ తన 400 మీటర్ల ఐస్‌ని నిలుపుకుంది, రిచ్‌మండ్ వదిలేసుకుంది. అయినా కొద్దిమంది స్కేటర్ల కంటే ఊరందరి అవసరమే పెద్దదని నా అభిప్రాయం.

లోపల ఒలింపిక్ మ్యూజియం కూడా ఉంది. బాబ్‌స్లెడ్, స్కీ జంప్ సిమ్యులేటర్లు పిల్లలకి తెగ నచ్చుతాయి. కారు లేకపోతే కెనడా లైన్ రైల్లో లాన్స్‌డౌన్ స్టేషన్‌లో దిగి నడిచి రావచ్చు. బయల్దేరే ముందు ఆ రోజు కోర్టుల టైమ్‌టేబుల్ చూసుకోండి, నాన్-మార్కింగ్ షూ (నేల మీద గుర్తులు పడనివి) మర్చిపోకండి. మెంబర్‌షిప్ తీసుకునే ముందు ఒకరోజు డ్రాప్-ఇన్‌గా, అంటే మెంబర్‌షిప్ లేకుండా ఆ రోజు మటుకే వచ్చి ఆడి చూడండి.