వర్ణవివక్షపై బడిపిల్లలకు తరగతి: బొమ్మల పాఠం ఉంచాలి, అద్దం పాఠం తీసేయాలి

వర్ణవివక్ష పిల్లల ఆత్మగౌరవాన్ని ఎలా దెబ్బతీస్తుందో హైదరాబాదు పాఠశాలలకు వచ్చి బోధించే ఒక సంస్థను ఈ మధ్య మా ఎనిమిదో తరగతికి పిలిపించాము. రుసుము విద్యార్థికి 200 రూపాయలు. వ్యవధి మూడు గంటలు.

ఆ రుసుముకు మొదటి గంటే న్యాయం చేసింది. 1940ల్లో అమెరికాలో కెనెత్ క్లార్క్, మేమీ క్లార్క్ అనే మనస్తత్వవేత్తలైన దంపతులు, రంగులో తప్ప మరే తేడా లేని బొమ్మలను మూడు నుంచి ఏడేళ్ల నల్లజాతి పిల్లల ముందుంచి, మంచి బొమ్మ ఏది, చెడ్డది ఏది, చివరికి నీలా ఉన్నది ఏది అని అడిగిన ప్రయోగాన్ని బోధకురాలు తొందరపడకుండా వివరించారు. ఎక్కువమంది తెల్ల బొమ్మనే మంచిదన్నారు. ఆఖరి ప్రశ్నకు కొందరు ఏడ్చారు. "అంత చిన్నపిల్లలకు ఇదంతా ఎవరు చెప్పారు మేడమ్?" అని మా విద్యార్థిని అడిగితే, ఆమె నేరుగా 1954 నాటి బ్రౌన్ కేసుకు వెళ్లారు. జాతిని బట్టి వేరు చేసిన బడులు పిల్లల్లో తాము తక్కువవారమన్న భావన కలిగిస్తాయని అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పులో చెప్పింది. ఎవరూ నోరు తెరిచి చెప్పనక్కరలేదని పిల్లలకు అప్పుడు అర్థమైంది.

1975లో మన మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా మారిన వైనంపై సాగిన చర్చ ఫర్వాలేదు.

చివరి గంట మాత్రం నిరాశపరిచింది. ప్రతి విద్యార్థి చేతికీ అద్దమిచ్చి "నేను అందంగా ఉన్నాను" అనిపించారు. తప్పు పరిసరాలదని అంతసేపు నిరూపించి, దిద్దుకునే భారం పిల్లల మీదే వేయడం ఎలా సబబు? వార్షికోత్సవంలో అతిథికి పూలగుచ్ఛం ఇవ్వడానికి ఎలాంటి ఛాయ ఉన్న అమ్మాయిలను ఎంపిక చేస్తారో, ఆ ఎంపిక ఎవరు చేస్తారో చర్చించి ఉంటే (వెనక వరుసలో కూర్చున్న ఉపాధ్యాయులకు ఇబ్బందిగానే ఉండేది) ఆ గంట సార్థకమయ్యేది.

నిజాం కాలపు ఆఫ్రికన్ అశ్వికదళం పేరుతోనే హైదరాబాదులో ఏసీ గార్డ్స్ (ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్) అనే పేట ఉంది, ఆ సైనికుల వారసులైన సిద్దీలు ఈ నగరవాసులే. అయినా పాఠమంతా అమెరికాలోనే నడిచింది. పిలిపించుకునేవారు ముందే మాట్లాడి, అద్దాల గంటకు బదులు సిద్దీల చరిత్ర చెప్పమని కోరడం మంచిది.