సిగ్నల్ లేకున్నా తెరుచుకునే తెలుగు వికీపీడియా: కివిక్స్ యాప్ సమీక్ష

వికీపీడియా వంటి వెబ్‌సైటును మొత్తంగా ఒకే ఫైలులోకి కుదించి, ఆ ఫైలును ఫోనులోనో కంప్యూటరులోనో ఉంచుకొని, ఇంటర్నెట్ అవసరం లేకుండా చదువుకొనేందుకు తోడ్పడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కివిక్స్. ఒడిశాలోని పర్లాకిమిడిలో సాయంత్రం వేళ పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పే మా తరగతిలో దీన్ని చాలాకాలంగా వాడుతున్నాము. అడిగిన ప్రశ్నకు క్షణంలో జవాబు చెప్పే కృత్రిమ మేధ సహాయకులు ప్రతి ఫోనులోకీ వచ్చి చేరిన ఈ రోజుల్లో, పిల్లల చేతికి వాటికి బదులు కివిక్స్ ఇవ్వాలని నేను ఎందుకు పట్టుబడుతున్నానో, ఈ యాప్‌లో ఇంకా సరిదిద్దవలసినవి ఏమిటో ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు మా ప్రాంతం గురించి కొంత చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా విడిగా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటువైపు చేరింది. 1992 నుంచి ఇది గజపతి జిల్లా కేంద్రం. ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నం కూతవేటు దూరంలోనే ఉన్నా, మా పిల్లలలో చాలామందికి ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది ఒడియా. తెలుగు అక్షరాలు ఇంట్లో పెద్దల దగ్గరో, మా వంటి తరగతులలోనో నేర్చుకోవలసిందే. నేర్చుకున్న తరువాత చదవడానికి పుస్తకాలు దొరకవు. కొండల మీది ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలకు ఫోను ఉన్నా సిగ్నల్ ఉండదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను విరుచుకుపడినప్పుడు జిల్లాలో చాలా చోట్ల కరెంటు, ఫోను రోజుల తరబడి లేవు. ఇంటర్నెట్ ఎప్పుడూ ఉంటుందన్న నమ్మకంతో తయారైన ఏ సాధనమూ ఇక్కడ పూర్తిగా అక్కరకు రాదు. కివిక్స్ ఆ నమ్మకంతో తయారైనది కాదు. మాకు అది మొదట నచ్చినది అందుకే.

2007లో ఎమ్మాన్యుయెల్ ఎంగెల్‌హార్ట్, రెనో గోడాన్ అనే ఇద్దరు ఈ పనిని మొదలుపెట్టారు. ఇప్పుడు స్విట్జర్లాండ్‌లోని లాభాపేక్ష లేని సంస్థ ఒకటి దీన్ని నడుపుతోంది. పుటలు, బొమ్మలు, వెతకడానికి కావలసిన సూచిక, ఇవన్నీ జిమ్ అనే ఫార్మాట్‌లో ఒకే ఫైలుగా ఉంటాయి. ఆ ఫార్మాట్ కూడా అందరికీ తెరిచి ఉన్నదే. సాఫ్ట్‌వేర్ జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద, వికీపీడియా వ్యాసాలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద లభిస్తాయి కాబట్టి, ఒకసారి దించుకున్న ఫైలును మెమరీ కార్డులో వేసి పొరుగు ఊరి ఉపాధ్యాయుడికి ఇవ్వడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. పాతపట్నం నుంచి వచ్చిన ఒక మెమరీ కార్డు మా తరగతిలో ఎన్ని ఫోనులకు విజ్ఞానం పంచిందో తలచుకుంటే, ఆ లైసెన్సుల విలువ న్యాయశాస్త్రం తెలియని నాకూ అర్థమవుతుంది. ఆండ్రాయిడ్, ఐఫోన్, విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిటిలోనూ ఇది పనిచేస్తుంది. ఖాతా తెరవమనదు, ఫోను నంబరు అడగదు, డబ్బు తీసుకోదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. ప్లే స్టోర్ నుంచి వచ్చే కివిక్స్‌కు గూగుల్ నిబంధనల వల్ల ఫోనులోని ఫైళ్ళను స్వేచ్ఛగా వెతికి తెరిచే అనుమతి లేదు. యాప్ లోపలి నుంచే ఫైలు దించుకొనేవారికి ఇది అడ్డు కాదు. మెమరీ కార్డుల ద్వారా ఫైళ్ళు పంచుకొనే మావంటివారు మాత్రం కివిక్స్ సొంత వెబ్‌సైటులోని ఏపీకేను, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను నేరుగా వేసుకొనే ఫైలును, వేసుకోవడం మేలు.

తెరిచిన తరువాత కనిపించేది వ్యాసం మాత్రమే. ప్రకటన లేదు, నోటిఫికేషన్ లేదు, ఒక పుట పూర్తయితే దానంతట అది మరొకటి వచ్చి పడదు. వ్యాసానికి మొదలు ఉంది, చివర ఉంది. మరో వ్యాసం కావాలంటే పిల్లవాడే ఒక లంకెను ఎంచుకోవాలి. వ్యాసంలోని లంకె బయటి వెబ్‌సైటుకు దారితీస్తే, వెళ్ళే ముందు యాప్ ఒకసారి అడుగుతుంది. రీళ్ళు చూస్తూ గంటలు గడిపేసే పిల్లలను ఫోను పట్టుకోవద్దని కసిరి ప్రయోజనం లేదని నేను నమ్ముతాను. ఫోనులో ఏది ఉండాలో, ఏది ఉండకూడదో పెద్దలు ఆలోచించి నిర్ణయించడమే దారి. మా తరగతి ఫోనులో సిమ్ కార్డు లేదు. తెలుగు వికీపీడియా, ఒడియా వికీపీడియా, తెలుగు విక్షనరీ అనే నిఘంటువు ఉన్నాయి. మహేంద్రగిరి గురించి చదవడం మొదలుపెట్టిన పిల్ల అక్కడి నుంచి తూర్పు కనుమలకూ, తూర్పు కనుమల నుంచి వంశధార నదికీ వెళ్ళడాన్ని నేను పక్కన కూర్చుని చూశాను. ఆ దారి ఆమె ఎంచుకున్నది. ఆమెను ఎక్కువసేపు తెరకు కట్టిపడేయడానికి ఎక్కడో ఎవరో రూపొందించిన లెక్క ఆ దారిని నిర్ణయించలేదు.

రెండు భాషల వికీపీడియాలు ఒకే ఫోనులో ఉండడం మా సరిహద్దు పిల్లలకు ప్రత్యేకమైన వరం. ఒడియా వికీపీడియా 2002లో, తెలుగు వికీపీడియా 2003లో మొదలయ్యాయి. బడిలో ఒడియాలో విన్న పాఠాన్ని పిల్లలు ఇక్కడ తెలుగులో చదివి, తెలియని మాటలను రెండు పుటలూ పోల్చి పట్టుకుంటారు. అయితే ఒక్కో భాష ఒక్కో ఫైలుగా ఉండడం వల్ల తెలుగు పుట నుంచి అదే విషయం మీది ఒడియా పుటకు నేరుగా దాటే వీలు లేదు. ఒకటి మూసి రెండోది తెరిచి మళ్ళీ వెతకాలి. ఇంటర్నెట్‌లో వికీపీడియా చదివేవారికి ఒక్క నొక్కుతో అయ్యే పని ఇది. రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు అన్ని రాష్ట్రాల సరిహద్దులలోనూ ఉన్నారు కాబట్టి, కివిక్స్ రూపకర్తలు దీన్ని పట్టించుకోవాలని కోరుతున్నాను.

వెతకడంలో కూడా తెలుగుకు తగిన సౌకర్యం లేదు. శీర్షికను సరిగ్గా టైపు చేస్తే వ్యాసం వెంటనే వస్తుంది. వ్యాసాల లోపల వెతికినప్పుడే ఇబ్బంది మొదలవుతుంది. తెలుగులో విభక్తి పేరుకు అతుక్కుని వస్తుంది. ‘పర్లాకిమిడి’ అని వెతికితే ‘పర్లాకిమిడిలో’, ‘పర్లాకిమిడికి’, ‘పర్లాకిమిడివారు’ అని ఉన్న చోట్లు దొరకవు. కివిక్స్ వాడే జేపియన్ అనే వెతుకులాట సాఫ్ట్‌వేర్ ఇంగ్లీషు వంటి భాషలకు మాట చివరి మార్పులను విప్పి మూలరూపాన్ని పట్టుకోగలదు, తెలుగుకు ఆ పని చేయలేదు. ఒక వ్యాసం ఉందని నాకు తెలిసి కూడా పిల్లలు దాన్ని కనుక్కోలేకపోయిన సందర్భాలు ఉన్నాయి. ఓపెన్ సోర్స్ కాబట్టి తెలుగు వ్యాకరణమూ ప్రోగ్రామింగూ తెలిసినవారు ఎవరైనా ఈ లోటును తీర్చవచ్చు. ఇంజినీరింగ్ చదివే మన పిల్లలకు ఇంతకంటే ఉపయోగపడే ప్రాజెక్టు నాకు తోచడం లేదు.

ఇప్పుడు కృత్రిమ మేధ విషయానికి వస్తాను. ఈ వెతుకులాట బాధ చూసి, తరగతికి వచ్చే పిల్లల తల్లిదండ్రులలో కొందరు ‘ఇంత శ్రమ ఎందుకు, ఏఐని అడిగితే తెలుగులోనే చెబుతుంది కదా’ అన్నారు. వారి మాట కాదనే ముందు పరీక్షించి చూడడం నా బాధ్యత అనుకున్నాను. మా ఊరికి ప్రాణప్రదమైన విషయాన్నే ఎంచుకున్నాను. పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ సవర తెగవారి భాష నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ సమకూర్చిన గిడుగు వేంకట రామమూర్తిగారు ఎక్కడ పుట్టారని ఒక ఏఐ సహాయకిని అడిగాను. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గరలోని పర్వతాలపేటలో పుట్టారు. ఆ సహాయకి ఒకసారి పర్లాకిమిడి అంది. ప్రశ్నను కొద్దిగా మార్చి అడిగితే విజయనగరం అంది. ఆయన రచనలు చెప్పమంటే, ఆయన రాయని పుస్తకం పేరు ఒకటి జాబితాలో చేర్చింది. మూడు జవాబులూ ఒకే ధీమాతో, చక్కని తెలుగులో ఉన్నాయి. నన్ను కలవరపెట్టినది ఆ ధీమాయే. విషయం ముందే తెలిసినవాడు మాత్రమే తప్పు పట్టగలడు. పిల్లలు అడిగేది తెలియకనే కదా.

ఈ భాషా నమూనాలు పనిచేసే తీరు తెలిస్తే ఇందులో వింత లేదు. అంతకుముందు తమకు చదివించిన పాఠ్యరాశిని బట్టి, తరువాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి అవి వాక్యాన్ని అల్లుకుంటూ పోతాయి. వెబ్‌లో ఎంతో రాసి ఉన్న విషయాల మీద ఆ అల్లిక చాలావరకు నిలబడుతుంది. తెలుగులో తక్కువ రాసి ఉన్నవాటి మీద, అందులోనూ సరిహద్దు ఊళ్ళ చరిత్ర మీద, ఖాళీని ఊహ నింపుతుంది. కొత్త సహాయకులు వెబ్‌లో వెతికి ఆధారాల లంకెలు చూపుతున్నాయి, అది మంచి మార్పే. ఆ లంకెలలో తరచుగా కనిపించేది వికీపీడియానే. అటువంటప్పుడు మూలాన్నే చదవడం పిల్లలకు నేర్పాలని నా అభిప్రాయం. పైగా సహాయకుడిని అడిగిన ప్రతి ప్రశ్నా ఏదో ఒక కంపెనీ సర్వరుకు వెళ్తుంది. కివిక్స్‌లో పిల్లలు ఏమి వెతికారో ఆ ఫోను దాటి వెళ్ళదు.

వికీపీడియాలో తప్పులు ఉండవని నేను అనడం లేదు. తెలుగు వికీపీడియాలో వ్యాసాల సంఖ్య లక్ష దాటింది, వాటిలో రెండు మూడు వాక్యాలతో ఆగిపోయినవి చాలా ఉన్నాయి. 2010 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో భారతీయ భాషల వికీపీడియాలలో పెద్ద పెద్ద ఇంగ్లీషు వ్యాసాలను చేర్పించింది. తెలుగులో అలా వచ్చిన వ్యాసాలలో వాక్యం తెలుగు అక్షరాలలో ఉండి నడక తెలుగుది కాకపోవడంతో సముదాయ సభ్యులు వాటితో ఎంతో అవస్థ పడ్డారు. యంత్రం రాసిన దాన్ని మనిషి చదివి సరిచేయకుండా వదిలేస్తే ఏమవుతుందో తెలుగు వికీపీడియాకు అప్పుడే అనుభవమైంది. కానీ అక్కడ తప్పు కనిపిస్తే చర్చించే చోటు ఉంది, సరిదిద్దే మనిషి ఉన్నాడు, ఎవరు ఎప్పుడు ఏ మార్పు చేశారో చూపే చరిత్ర ఉంది. ‘మాస్టారూ, ఇది ఎవరు రాశారు?’ అని మా తరగతిలో ఒక అమ్మాయి అడిగింది. కివిక్స్ పుట అడుగున మూల వ్యాసం లంకె, లైసెన్సు వివరం ఉంటాయి, మార్పుల చరిత్ర, చర్చ పుటలు ఉండవు. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు కోసం ఇంటర్నెట్ ఉన్న నా ఫోనులో అసలు వికీపీడియా తెరిచి, ఆ వ్యాసం చరిత్ర చూపించాను. వాడుకరుల పేర్ల వరుస చూసి ఆమె ‘వీళ్ళకు జీతం ఇస్తారా?’ అని అడిగింది. ఇవ్వరని చెప్పినప్పుడు తరగతి అంతా ఆ తెర చుట్టూ చేరింది.

మా వైపు విషయాలు అందులో ఎంతో తక్కువ. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలకు జనగణన వివరాలతో పుటలు ఉన్నాయి. గజపతి, రాయగడ, గంజాం, కోరాపుట్ జిల్లాలలో తెలుగువారు తరతరాలుగా ఉన్న ఊళ్ళకు అటువంటి పుటలు లేవనే చెప్పాలి. ఈ లోటు కివిక్స్‌ది కాదు, మనది. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచిన చిన్న రైలు గురించి, సవర పల్లెల గురించి, ఇక్కడి తెలుగు బడుల గురించి ఆధారాలతో రాయగలవారు మన ఊళ్ళలోనే ఉన్నారు.

తాజాకరణ కూడా కొంత ఇబ్బందే. మారిన భాగాలను మాత్రమే దించుకొనే ఏర్పాటు లేదు, కొత్త ఫైలు వచ్చినప్పుడు మొత్తాన్ని మళ్ళీ దించుకోవాలి. ఫైలు పేరులో అది తయారైన సంవత్సరం, నెల ఉంటాయి కాబట్టి పాతదేదో కొత్తదేదో తెలుసుకోవడం సులభం. ఎన్నికల ఫలితాలు, పదవుల్లో ఉన్నవారి పేర్లు వంటి మారే విషయాలకు దీని మీద ఆధారపడకూడదని పిల్లలకు ముందే చెబుతాను.

దించుకోబోయేవారికి కొన్ని సూచనలు. ఇంగ్లీషు వికీపీడియా బొమ్మలతో సహా 100 జీబీ దాటుతుంది కాబట్టి దాని జోలికి వెళ్ళనక్కరలేదు. తెలుగు, ఒడియా ఫైళ్ళు మామూలు మెమరీ కార్డులో సరిపోతాయి. కార్డులో చోటు తక్కువైతే బొమ్మలు లేని ఫైలు తీసుకోండి, చదువుకు లోటు రాదు. అయితే జీవశాస్త్రం, భూగోళం చదివే పిల్లలకు బొమ్మలు ఉన్నదే కావాలి. అందరి దగ్గరా ఫోనులో చోటు లేకపోతే, ఒక ఫోనులోని కివిక్స్‌నే వైఫై హాట్‌స్పాట్‌గా మార్చి మిగిలిన ఫోనుల బ్రౌజరులో ఆ పుటలు తెరిపించవచ్చు. దానికి డేటా ఖర్చు కాదు. మేము చాలా పాఠాలు అలాగే నడుపుతున్నాము. పర్లాకిమిడి పరిసరాలలో తెలుగు నేర్పే ఉపాధ్యాయులకు ఫైళ్ళు కావాలంటే, 32 జీబీ మెమరీ కార్డు తెచ్చుకుంటే మూడు ఫైళ్ళూ, ఏపీకే కూడా వేసి ఇస్తాము.