డయాబ్లో 2 రిసరెక్టెడ్: సోర్సరెస్ స్కిల్స్‌పై చాలాకాలం ఆడాక నా సమీక్ష

డయాబ్లో 2 అనే పాత కంప్యూటర్ గేమ్‌కి కొత్త రూపమైన రిసరెక్టెడ్ 2021 సెప్టెంబర్‌లో వచ్చినప్పటి నుంచీ ఆడుతున్నాను. అన్ని క్లాసులూ (పాత్రల రకాలు) చూశాను గానీ ఎక్కువ కాలం గడిపింది మంత్రగత్తె అయిన సోర్సరెస్‌తోనే. గ్రాఫిక్స్ గురించి, కథ గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను ఒక్క విషయమే మాట్లాడతాను: ఏ స్కిల్‌లో పాయింట్ వెయ్యాలి, పాయింట్ వేసిన స్కిల్‌ని పోరాటంలో ఏ క్షణంలో ప్రయోగించాలి. ఈ రెండింటిలో జనం మొదటిదాని గురించే వాదించుకుంటారు. నార్మల్, నైట్‌మేర్ దాటాక వచ్చే అతి కష్టమైన హెల్ డిఫికల్టీలో ప్రాణాలు నిలబెట్టేది మాత్రం రెండోదే అని నా గట్టి అభిప్రాయం.

ముందు పాయింట్ల సంగతి. 99వ లెవెల్ దాకా వెళ్తే లెవెల్స్ వల్ల 98, మూడు డిఫికల్టీల క్వెస్టుల వల్ల 12, మొత్తం 110 స్కిల్ పాయింట్లు. అంతదాకా వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. ఎనభైల లెవెల్‌లో ఉండే మామూలు క్యారెక్టర్‌కి తొంభై పైచిలుకు దొరుకుతాయి. ఒక్కో స్కిల్‌లో మనం వేయగలిగేది 20 మాత్రమే. అంటే నిండుగా నింపగలిగేవి నాలుగు, మిగిలినవి చిల్లర.

కొత్తగా ఆడేవాళ్ళలో చాలామంది పాయింట్లు దాచుకుని 30వ లెవెల్ రాగానే మంచు ముక్కలు చిమ్మే గోళమైన ఫ్రోజెన్ ఆర్బ్‌లో కుమ్మరించాలనుకుంటారు. కుదరదు. 30లో ఆర్బ్ ఒక్క పాయింటే తీసుకుంటుంది. ఆ తర్వాత ప్రతి పాయింటుకీ ఇంకో లెవెల్ ఎక్కాలి. 20 నిండేసరికి మీరు 49లో ఉంటారు. కాబట్టి దాచడంలో అర్థం లేదు. 12లో ఫైర్‌బాల్ తెరుచుకుంటుంది కదా, వరసగా దాంట్లో వేసుకుంటూ పోతే 31కల్లా అది నిండుతుంది. నార్మల్ మొత్తం దానితోనే హాయిగా గడిచిపోతుంది. ఆర్బ్ దాని పక్కన మెల్లగా పెరుగుతుంది. క్వెస్టుల్లో వచ్చిన అదనపు పాయింట్లని దారిలో తప్పనిసరిగా వేయాల్సిన చిన్న స్కిల్స్‌కి వాడుకోవచ్చు.

ఫైర్‌బాల్‌కి బలం సినర్జీలు, అంటే ఒక స్కిల్‌లో వేసిన పాయింట్లు ఇంకో స్కిల్‌ని బలపరచడం. ఫైర్‌బోల్ట్‌లో, మెటియర్‌లో (పైనుంచి పడే నిప్పు రాయి) మీరు వేసిన ప్రతి పాయింటుకీ ఫైర్‌బాల్ డ్యామేజీ 14 శాతం పెరుగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది, ఎప్పటికీ గుర్తుంచుకోవాల్సింది: సినర్జీకి మీరు చేత్తో వేసిన పాయింట్లే లెక్క. ఆయుధం మీద, ఉంగరం మీద ఉన్న ప్లస్ స్కిల్స్ ఆ స్కిల్‌ని పెంచుతాయి గానీ దాని సినర్జీని పెంచవు. అందుకే మంచి ఐటెమ్‌లు దొరికాక ఒక్క పాయింట్ వేసిన టెలిపోర్ట్ (ఒక్కసారిగా వేరే చోటికి దూకడం), వార్మ్త్ (మానా, అంటే మంత్రశక్తి, త్వరగా నిండేలా చేసేది) వంటివి వాటంతట అవే బాగుపడతాయి. ఫైర్‌బోల్ట్‌లో మాత్రం మీరే పోయాలి.

ఒక్క పాయింట్ చాలనే స్కిల్స్‌లో నాకు ప్రాణం స్టాటిక్ ఫీల్డ్ అనే మెరుపు స్కిల్. ఇది రాక్షసుడికి ఆ క్షణంలో ఉన్న ప్రాణంలో నాలుగో వంతు తీసేస్తుంది. వందలో మొదటి దెబ్బకి 75 మిగులుతుంది, రెండోదానికి 56, మూడోదానికి 42. చూశారుగా, ప్రతి దెబ్బా మునుపటిదానికన్నా తక్కువే తీస్తుంది. అంటే దీన్ని వాడాల్సింది పోరాటం మొదట్లోనే. సగం చచ్చినవాడి మీద స్టాటిక్ కొడుతూ కూర్చునేవాళ్ళని పార్టీల్లో చూస్తుంటాను, ఆ మానా అంతా వృథా. నార్మల్‌లో డ్యూరియల్ అనే బాస్ గది ఇరుకు, వాడు తలుపు దగ్గరే మీద పడతాడు. అక్కడ ముందు నాలుగైదు స్టాటిక్‌లు కొట్టి, తర్వాతే ఫైర్‌బాల్ మొదలుపెట్టాలి. నైట్‌మేర్‌లో ఇది ప్రాణం 33 శాతం కింద పనిచేయదు, హెల్‌లో 50 కింద పనిచేయదు. మెరుపును తట్టుకునే శక్తి లేని బాస్ మీద హెల్‌లో మూడు సార్లు కొట్టగానే సగం దగ్గర ఆగిపోతుంది. నాలుగోది గాలికి పోయినట్టే. ఆ మూడు దెబ్బల కోసం దగ్గరికి వెళ్ళడం ఎంతవరకూ లాభమో బాస్‌ని బట్టి ఉంటుంది. ఆఖరి బాస్ బాల్ దగ్గర నేను తప్పకుండా వెళ్తాను.

ఇక అసలు విషయానికి వస్తాను. ఫ్రోజెన్ ఆర్బ్ ఒకసారి వదిలితే మళ్ళీ వదలడానికి ఒక సెకను ఆగాలి. ఆ సెకనులో మీరేం చేస్తారన్నదే ఈ బిల్డ్ (స్కిల్స్ ఎంపిక) మొత్తం.

ఈ ఆట సెకనుకి 25 ఫ్రేముల లెక్కన నడుస్తుంది. సోర్సరెస్ మామూలుగా ఒక మంత్రం వేయడానికి 13 ఫ్రేములు తీసుకుంటుంది. ఐటెమ్‌ల మీద ఉండే ఫాస్టర్ క్యాస్ట్ రేట్ (మంత్రం వేసే వేగం) పెరిగితే అది తగ్గుతుంది, కానీ నున్నగా తగ్గదు, మెట్లు మెట్లుగా తగ్గుతుంది. 9 శాతానికి 12 ఫ్రేములు, 20కి 11, 37కి 10, 63కి 9, 105కి 8. రెండు మెట్ల మధ్య ఎంతున్నా ఒకటే. 104 ఉన్నవాడూ 63 ఉన్నవాడూ సరిగ్గా ఒకే వేగంతో వేస్తారు. లైట్నింగ్, చెయిన్ లైట్నింగ్‌లకి వేరే లెక్క ఉంది, అది ఇక్కడ వద్దు.

ఇప్పుడు ఆ సెకనుని తీసుకోండి. 20 శాతంతో ఆర్బ్‌కి 11, ఫైర్‌బాల్‌కి 11, మొత్తం 22 ఫ్రేములు. ఇంకో ఫైర్‌బాల్ మొదలుపెడితే తర్వాతి ఆర్బ్ ఆలస్యమవుతుంది. 105 శాతంతో 8 చొప్పున మూడు వేస్తే 24 ఫ్రేములు. అంటే ఒక ఆర్బ్, రెండు ఫైర్‌బాల్‌లు, దాదాపు సెకను నిండుతుంది, మళ్ళీ ఆర్బ్ సిద్ధం. ఈ లయ వేళ్ళకి పట్టుబడ్డాక ఆట మారిపోతుంది. చలికి ఇమ్యూన్ అయినవాడు (అంటే చలి దెబ్బ తగలనివాడు) నిప్పుకి కాలుతుంటాడు, నిప్పుకి ఇమ్యూన్ అయినవాడు చలికి పగులుతుంటాడు, మధ్యలో మీ చెయ్యి ఖాళీగా ఉండదు.

ఆర్బ్‌ని ఎంత దూరం నుంచి వదులుతున్నారో కూడా చూసుకోవాలి. అది వెళ్తూ దారి పొడుగునా మంచు ముక్కల్ని చిమ్ముతుంది, చివర్లో ఒక్కసారిగా పేలి చుట్టూ వెదజల్లుతుంది. ఎక్కువ ముక్కలు తగిలేది ఆ చివరి పేలుడులోనే. ముఖం మీద నిలబడ్డ గుంపు మీదికి వదిలితే అది వాళ్ళని దాటిపోయి వెనకాల ఖాళీ నేల మీద పేలుతుంది. ఒక అడుగు వెనక్కి వేసి, పేలుడు గుంపు నడుమ పడేలా వదలండి. తేడా కళ్ళకి కనబడుతుంది.

ఒకప్పుడు ఆర్బ్, మెటియర్ రెండూ ఒకే వెయిటింగ్‌ని పంచుకునేవి. ఒకటి వేస్తే రెండోది కూడా ఆగిపోయేది. 2022లో వచ్చిన 2.4 ప్యాచ్ (ఆటకి అప్‌డేట్) దాన్ని విడదీసింది, ఏ స్కిల్ ఆగడం దానిదే. అయినా నేను మెటియర్‌ని ఎక్కువ వాడను. బటన్ నొక్కాక రాయి పడేలోపు కదిలే రాక్షసుడు కదిలిపోతాడు. కదలకుండా నిలబడేవాళ్ళ మీద బాగుంటుంది.

మంచు తుపాను కురిపించే బ్లిజర్డ్ స్కిల్‌ది వేరే మనస్తత్వం. దాని విరామం 1.8 సెకన్లు. ఆ వ్యవధిలో గ్లేసియల్ స్పైక్ వేసి గుంపుని గడ్డకట్టించాలి, బ్లిజర్డ్ కింద నుంచి బయటికి రాకుండా. చలితో చంపడంలో ఇంకో లాభం ఉంది: శవాలు చాలావరకు ముక్కలైపోతాయి. ఫాలెన్ షామన్‌లకి బతికించడానికి ఏమీ మిగలదు. ఐదో యాక్ట్‌లో (ఆటలో ఐదో భాగం) నిహ్లథాక్ అనే బాస్ దగ్గర ఇది ఇంకా విలువైనది, వాడు శవాల్ని పేల్చి చంపుతాడు కనుక. ముందు వాడి చుట్టూ ఉన్నవాళ్ళని చలితో తుడిచేశాకే వాడి జోలికి పోవాలి.

టెలిపోర్ట్‌ని పారిపోవడానికి మాత్రమే వాడేవాళ్ళు దాని విలువలో సగం వదులుకుంటున్నారు. టెలిపోర్ట్ అయితే మెర్సినరీ (డబ్బిచ్చి తెచ్చుకునే తోడు యోధుడు) కూడా మీతో పాటు వచ్చి పక్కన దిగుతాడు. నేను నైట్‌మేర్‌లో రెండో యాక్ట్ నుంచి హోలీ ఫ్రీజ్ ఉన్నవాణ్ణి పెట్టుకుంటాను. గుంపు పక్కకి ఒక టెలిపోర్ట్ వేసి వాణ్ణి దింపుతాను, వాడి చుట్టూ అందరూ నెమ్మదిస్తారు, ఇంకో టెలిపోర్ట్‌తో కొంచెం ఎడంగా జరిగి ఆర్బ్ వదులుతాను. చలికీ నిప్పుకీ రెండింటికీ ఇమ్యూన్ అయినవాడు ఎదురైతే వాణ్ణి మెర్సినరీకి వదిలేస్తాను, లేదంటే దాటి పోతాను. పోరాడి గెలవాల్సిన అవసరం ప్రతిచోటా లేదు.

నచ్చనివి రెండున్నాయి. పైన చెప్పిన ఫ్రేముల మెట్లు ఆటలో ఎక్కడా కనబడవు. క్యారెక్టర్ తెరలో ఒక్క వరస ఉంటే చాలు, కొత్తవాళ్ళు 80 శాతం దగ్గర ఐటెమ్‌లు మార్చుకుంటూ అవస్థ పడరు. రెండోది ఇమ్యూనిటీ. 2.5 ప్యాచ్‌లో వచ్చిన సండర్ చార్మ్‌లు (దగ్గర ఉంచుకునే తాయెత్తులు) రాక్షసుల ఇమ్యూనిటీని 95 శాతానికి దించుతాయి, బదులుగా మన రెసిస్టెన్స్‌ని కోస్తాయి. ఆ బేరం న్యాయంగానే ఉంది. కానీ అవి దొరికేదాకా ఒకే ఎలిమెంట్‌తో హెల్‌కి వెళ్ళిన ఆటగాడికి కొన్ని ప్రాంతాలు మూసుకుపోయినట్టే.

బటన్ల విషయంలో మాత్రం ఇప్పుడు ఫిర్యాదు లేదు. క్విక్ క్యాస్ట్ ఆన్ చేసుకుంటే కీ నొక్కగానే మంత్రం పడుతుంది, ముందు ఎంచుకుని తర్వాత క్లిక్ చేసే పని తప్పుతుంది. ఆర్బ్, ఫైర్‌బాల్, టెలిపోర్ట్, స్టాటిక్ నాలుగూ చూపుడువేలు, నడిమివేలు అందుకునే చోట పెట్టుకోండి. ఆర్బ్ లయకి ఇది లేకపోతే చాలా కష్టం.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్ళు నార్మల్‌లో ఫైర్‌బాల్‌తో వెళ్ళి, మొదటి యాక్ట్‌లో అకారా అనే పూజారిణి ఇచ్చే స్కిల్ రీసెట్‌ని (వేసిన పాయింట్లని వెనక్కి తీసుకోవడం) తొందరపడి వాడకుండా ఉంచుకోండి. డెన్ ఆఫ్ ఈవిల్ క్వెస్టు పూర్తి చేస్తే డిఫికల్టీకి ఒకటి చొప్పున మూడు దొరుకుతాయి. నేనైతే ఒకటి 49 దాటాక, ఆర్బ్ నిండిన తర్వాత వాడతాను. ఇంకోటి హెల్ కోసం పక్కన పెడతాను, అప్పటికి ఐటెమ్‌ల మీద ఎన్ని ప్లస్ స్కిల్స్ ఉన్నాయో తెలుస్తుంది కాబట్టి, ఒక్క పాయింట్‌తో ఏవి గట్టెక్కుతాయో లెక్క వేసుకుని మిగతాది ఫైర్‌బోల్ట్‌కీ మెటియర్‌కీ మళ్ళించడం తేలిక.