పాత సైకిల్ తొక్కాలంటే ఏది మేలు: రాడ్ బ్రేకుదా, మూడు గేర్లదా, రేసింగ్‌దా?

"పాత సైకిల్ ఒకటి తీసుకుందామనుకుంటున్నాను, ఏది తీసుకోమంటారు?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నేనూ చాలాకాలం ఊగిసలాడి చివరికి మూడు గేర్లదాని దగ్గర ఆగాను. ఎందుకు ఆగానో ఒకచోట రాసేస్తే అందరికీ పనికొస్తుందనిపించింది. గోడకు ఆనించి చూసుకోవడానికైతే ఏ పాత సైకిలైనా ముచ్చటగానే ఉంటుంది. ఇక్కడ చెప్పేదంతా దాన్ని రోజూ తొక్కాలనుకునేవాళ్ల కోసం.

అడిగేవాళ్లలో చాలామంది ఫ్రేమ్‌తో మొదలుపెడతారు. పెయింటు అసలుదేనా, హెడ్ బ్యాడ్జి (ముందు గొట్టానికుండే కంపెనీ బిళ్ల) ఉందా, ఏ కంపెనీది, ఏ ఏడాదిది అని. నా లెక్కలో తేల్చేది చక్రం. స్టీలు ఫ్రేమ్‌లో నీళ్లు నిలవకుండా చూసుకుంటే అది మనకంటే ఎక్కువకాలం ఉంటుంది. రిమ్ము, టైరు, బ్రేకు అలా కాదు. అవి అరుగుతాయి, మార్చక తప్పదు. ఆ సైజువి ఇప్పుడు దొరుకుతాయా? వాన పడుతుంటే బండి ఆగుతుందా? ఏ సైకిల్ చూసినా నేను ముందు అడిగేవి ఈ రెండే.

రాడ్ బ్రేకు రోడ్‌స్టర్ సంగతి చూద్దాం. నిటారు కూర్చోబెట్టే హ్యాండిల్, వెనక్కి బాగా వాలిన ఫ్రేమ్, పెద్ద చక్రాలు, నిండు చైన్ కవర్. 20 కిలోలకు అటూ ఇటూ బరువు. చదునైన దారిలో ఒకసారి ఊపందుకున్నాక ఇంత నెమ్మదిగా, ఇంత హాయిగా సాగే సైకిల్ మరొకటి లేదు. గతుకులన్నీ ఆ పొడవాటి ఫ్రేమే మింగేస్తుంది. దీని చక్రం 28 అంగుళాల ఒకటిన్నర సైజు, అంటే టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు. ఈ రకం సైకిళ్లు ఆసియాలో ఇంకా తయారవుతున్నాయి కాబట్టి టైర్లకు లోటు లేదు. చిక్కంతా బ్రేకుతోనే. లివర్ నొక్కితే రాడ్లు బ్రేకు రబ్బర్లను పైకి లాగి రిమ్ము లోపలి ముఖానికి, హబ్బు (చక్రం మధ్య భాగం) వైపున ఉండే అంచుకు, అదుముతాయి. రిమ్ము కాస్త పక్కకు ఊగినా రబ్బరు రాసుకోదు, అది మంచి సుగుణమే. కానీ ఆ ఆకారపు రిమ్ము దాదాపు ఎప్పుడూ స్టీలే. క్రోమ్ పూసిన స్టీలు తడిసిందంటే రబ్బరుకు పట్టు చిక్కదు. లివర్ మొత్తం నొక్కినా బండి తన మానాన తాను పోతూనే ఉంటుంది. రద్దీ రోడ్డు మీద, వాలులో, ఇది చిన్న విషయం కాదు. అల్యూమినియం రిమ్ముకు మారదామంటే ఆ ఆకారంలో దొరకడం గగనం. పొడి వాతావరణం, చదును దారులు ఉన్నవాళ్లు దీన్ని నిశ్చింతగా తీసుకోవచ్చు. మిగతావాళ్లు రెండుసార్లు ఆలోచించుకోవాలి.

రేసింగ్ సైకిళ్ల ఆకర్షణ వేరు. 1935లో వచ్చిన రెనాల్డ్స్ 531 రకం స్టీలు గొట్టాలతో, చేత్తో నగిషీ పెట్టిన లగ్గులతో (గొట్టాలను కలిపే అతుకులతో) చేసిన ఫ్రేమ్‌ను దగ్గరగా చూస్తే కళ్లు తిప్పుకోలేం. పెడల్ మీద కాలేయగానే బండి ముందుకు దూకుతుంది. గేర్ లివర్లు డౌన్‌ట్యూబ్ (ఫ్రేమ్ కింది ఏటవాలు గొట్టం) మీద ఉంటాయి, వాటికి క్లిక్కులు ఉండవు. చైను గరగరమంటే లివర్‌ను వేలితో రవ్వంత జరిపి ఆ చప్పుడు ఆపాలి. చేతికీ చెవికీ ఆ పొత్తు కుదిరాక అదొక వ్యసనమే. ఇటలీలో 1997 నుంచి జరుగుతున్న లెరోయికా అనే పాత సైకిళ్ల యాత్రకు 1987కు ముందునాటి ఇలాంటి సైకిళ్లతో జనం ప్రపంచమంతటి నుంచీ తరలివస్తున్నారంటే ఊరికే కాదు.

చక్రం విషయంలోనూ దీనికి మంచి మార్కులే పడతాయి. 27 అంగుళాల చక్రం (630) ఉంటే ఇప్పటి 700సీ (622) చక్రం వేసుకోవచ్చు. బ్రేకు రబ్బర్లు 4 మిల్లీమీటర్లు కిందికి దింపితే చాలు, చాలా బ్రేకులకు అంత చోటు ఉంటుంది. రిమ్ముకు జిగురుతో అంటించే ట్యూబులర్ టైర్లు ఉన్నదైతే పంక్చరు పడిన ప్రతిసారీ పెద్ద పని. ఫ్రాన్సులో తయారైనదైతే థ్రెడ్లు వేరు, హ్యాండిల్ స్టెమ్ కూడా 22.2 బదులు 22 మిల్లీమీటర్లు, విడిభాగాల కోసం వెతుకులాట తప్పదు. కొనేముందు సీటు పోస్టునూ, స్టెమ్‌నూ తిప్పి చూడండి. అల్యూమినియం, స్టీలు ఏళ్ల తరబడి కలిసి ఉంటే ఒకదాన్నొకటి పట్టేసి ఎంత లాగినా రావు.

అయినా నేను మూడు గేర్లదానికే ఓటేశాను. చక్రం 26 అంగుళాల ఒకటీ మూడు బై ఎనిమిది, 590 మిల్లీమీటర్లు. బ్రేకులు మామూలు కేబుల్ బ్రేకులు, రిమ్ము పక్కను పట్టుకుంటాయి. ఈ సైజులో అల్యూమినియం రిమ్ములు దొరుకుతాయి, అవి వేసినరోజే వాన భయం చాలావరకు తీరుతుంది. ఒక మెలిక ఉంది. బ్రిటన్‌లో అమ్మినవాటికి సాధారణంగా ముందు చక్రానికి 32, వెనకదానికి 40 చువ్వలు. 40 రంధ్రాల రిమ్ము దొరక్కపోతే 36 రంధ్రాల హబ్ షెల్ (హబ్బు పైడొప్ప) ఒకటి సంపాదించి, పాత హబ్బు లోపలి గేర్ల యంత్రాన్ని అందులోకి మార్చేయొచ్చు. ఈ మూడు గేర్లను లోపల దాచుకున్న స్టర్మీ ఆర్చర్ కంపెనీ ఏడబ్ల్యూ హబ్బు 1936లో వచ్చింది. దాని లోపలి భాగాలు దశాబ్దాలపాటు పెద్దగా మారలేదు కాబట్టే ఈ సౌకర్యం. చాలా హబ్బుల మీద తయారైన ఏడాది, నెల చెక్కి ఉంటాయి, సైకిల్ వయసు చెప్పడానికి అదే మంచి ఆధారం.

గేర్లు మూడే. మధ్యది నేరుగా, కిందిది 25 శాతం తేలిక, పైది 33 శాతం బరువు. రెండులో, మూడులో తొక్కుతుంటే టిక్ టిక్ మంటుంది, ఒకటిలో నిశ్శబ్దం. ఏ గేరులో ఉన్నామో చూడక్కర్లేదు, వింటే చాలు. ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చుకోవచ్చు. దీన్ని సరిచేయడం వచ్చిన రోజు ఈ సైకిల్ నిజంగా మనదవుతుంది. లివర్‌ను రెండులో పెట్టి, కుడివైపు యాక్సిల్ నట్టుకున్న చిన్న కిటికీలోంచి చూడాలి. లోపలి సన్నటి రాడ్డు చివర, యాక్సిల్ చివరతో సమంగా కనపడాలి. అంతే. కేబుల్ వదులైతే రెండుకీ మూడుకీ మధ్య పెడల్ ఒక్కసారిగా జారుతుంది, నిలబడి తొక్కేటప్పుడు అది ప్రమాదం. ఈ కేబుల్ సర్దడం, హబ్బుకున్న రంధ్రంలో అప్పుడప్పుడు కాస్త పల్చటి నూనె వేయడం తప్ప దీనికి పెద్దగా సేవ అక్కర్లేదు. పెడల్ కాడలను ఇరుసుకు పట్టి ఉంచే కాటర్ పిన్నులు మాత్రం వదులు కాకుండా చూసుకోవాలి. ర్యాలీ కంపెనీవైతే బీబీ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) కప్పుల థ్రెడ్లు సాధారణంగా అంగుళానికి 26, మిగతా బ్రిటిష్ సైకిళ్లలో చాలావాటికి 24. కొత్త కప్పు కొనేముందు ఇది గుర్తుంచుకోవాలి.

చిన్న చక్రాల మడత సైకిళ్లు చోటు లేనివాళ్లకు పనికొస్తాయి. పాతదానిలా కనపడే కొత్త సైకిళ్లూ వస్తున్నాయి. చక్కగానే నడుస్తాయి, పాత సైకిల్ కావాలన్నవాళ్ల కోరిక మాత్రం వాటితో తీరదు.

ఎత్తుపల్లాల దారిలో మూడు గేర్లు చాలవేమోనన్న సందేహం చాలామందికి ఉంది. ఈ సైకిళ్లకు కంపెనీ వేసే వెనక పళ్ల చక్రం సాధారణంగా 18 పళ్లది. 1950ల తర్వాతి చాలా హబ్బుల్లో దాన్ని ఒక స్ప్రింగు రింగు పట్టి ఉంచుతుంది. స్క్రూడ్రైవర్‌తో రింగు ఊడదీసి, 22 పళ్లది వేసి, చైనుకు రెండు లింకులు కలిపితే మూడు గేర్లూ తేలికవుతాయి. కిందికి దిగేటప్పుడు వేగం కొంత తగ్గుతుంది. ఎక్కేటప్పుడు మాత్రం దిగి తోయాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది.