పాత ఇల్లు బాగుచేయించాలా, ఫ్లాట్‌కి మారాలా: స్ట్రక్చరల్ ఆడిట్ చేయించాక నా రివ్యూ

విశాఖలో సముద్రానికి దగ్గరగా పాత ఇల్లు ఉండి, దాన్ని బాగుచేయించాలో అమ్మేసి ఫ్లాట్‌కి వెళ్లాలో తేలక టెన్షన్ పడుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. మాది ఎంవీపీ కాలనీ. మా మామగారు 1991లో కట్టించిన ఇల్లు. కింద మేముంటాం, పై పోర్షన్ అద్దెకిచ్చాం. కొంతకాలంగా పైగది స్లాబు పెచ్చులూడి, తుప్పు పట్టిన ఊచలు బయటికి కనిపిస్తున్నాయి.

మేస్త్రీ ప్లాస్టరింగ్ చేసేద్దామన్నాడు. బిల్డరు పడగొట్టి డెవలప్‌మెంట్‌కి ఇమ్మన్నాడు. బ్రోకరు మధురవాడలో ఫ్లాట్లు చూపించాడు. మా అబ్బాయేమో రిపేరుతో పాటే పైన ఇంకో అంతస్తు వేద్దామంటాడు. మన దగ్గర కొనేదీ మనకు అమ్మేదీ ఏమీ లేని మనిషి వచ్చి చూస్తే బాగుండుననిపించి, ఇంటి స్తంభాలు, బీములు, స్లాబు ఎంత గట్టిగా ఉన్నాయో పరీక్షించడానికి స్ట్రక్చరల్ ఇంజనీరుని పిలిచాం. దీన్నే స్ట్రక్చరల్ ఆడిట్ అంటారు. ఫీజు 22 వేలు.

ఆయన పని తీరు నాకు బాగా నచ్చింది. హామర్‌తో స్తంభాలు, బీములు ఒక్కొక్కటీ పరీక్షించారు. చిన్న మీటరు పెట్టి ఊచ ఎంత లోతున ఉందో చూశారు. కొన్నిచోట్ల కాంక్రీటు కొంచెం చెక్కి ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లారు. గులాబీ రంగు వస్తే అక్కడి కాంక్రీటుకి క్షారగుణం ఉన్నట్టు, అదే ఊచకి రక్షణ. కింది స్తంభాల దగ్గర చక్కగా గులాబీ వచ్చింది. తూర్పువైపు సన్‌షేడ్‌లో ఊచ దాకా చెక్కినా రంగే రాలేదు.

అక్కడి నుంచి కాంక్రీటు పొడి తీసి, ఉప్పు ఎంత చేరిందో చూడటానికి ల్యాబ్‌కి పంపారు. సముద్రపు గాలిలోని ఉప్పు లోపలికి దిగితే ఊచ తుప్పు పడుతుందట. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైనున్న కాంక్రీటుని పగలదోస్తుంది. లోపలి తుప్పు వదిలేసి పైన ప్లాస్టరింగ్ చేస్తే మళ్లీ ఊడిపోతుందని మాకు అప్పుడు అర్థమైంది.

మా అత్తగారు "ఇల్లు పడిపోతుందా నాయనా?" అని అడిగారు. "పడిపోదు మామ్మగారూ. కానీ ఆ సన్‌షేడ్ కింద మాత్రం కుర్చీ వేసుకోకండి" అన్నారాయన. ఆవిడ రోజూ కూర్చునేది అక్కడే. ఆ సాయంత్రమే కుర్చీ లోపలికి తెచ్చేశాం.

రిపోర్టులో తేలింది ఇదీ: స్తంభాలు, బీములు గట్టిగా ఉన్నాయి. పైగది స్లాబులో ఒక భాగానికి రిపేరు చేయాలి. తూర్పు సన్‌షేడ్లు తీసేసి కొత్తవి వేయాలి. ఇంకో అంతస్తు మాత్రం వద్దు. దాంతో మా ఇంట్లో సగం వాదనలు ఆగిపోయాయి.

మిగిలిన సగం లెక్కలతో తేలాయి. మేం చూసిన ఫ్లాట్ 80 లక్షలు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి ఏడున్నర శాతం, అంటే ఇంకో 6 లక్షలు. అది ఇంకా కడుతున్న ఫ్లాట్ కాబట్టి 5 శాతం జీఎస్టీ మరో 4 లక్షలు. గోడ కూడా రాకుండా పోయే ఖర్చే 10 లక్షలన్నమాట. ఇక్కడ రిపేరుకీ, అత్తగారి గదికి ఆనుకుని కొత్త బాత్రూముకీ కలిపి కొటేషన్ 14 లక్షలు వచ్చింది. పైగా ఆవిడ రైతుబజారుకి నడిచి వెళ్లి తనకు నచ్చిన వంకాయలు ఏరుకుని తెచ్చుకుంటారు. అది ఆవిడకి ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అయినా స్తంభాలు పాడయ్యాయని రిపోర్టు వచ్చి ఉంటే మారిపోదామని ముందు నేనే అనేదాన్ని.

నచ్చనివీ ఉన్నాయి. రిపోర్టు మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. ఇంటి యజమాని మా అత్తగారే, ఆవిడ దాన్ని చదవలేకపోయారు. ఒక పేజీ తెలుగులో ఇవ్వడం కష్టమేమీ కాదు. రిపేరుకి సుమారుగా ఎంతవుతుందో కూడా రాయలేదు, దానికోసం మళ్లీ కాంట్రాక్టర్ల చుట్టూ తిరిగాం.

మీరు ఎవరిని పిలిచినా ఉప్పు పరీక్ష ఫీజులోనే ఉందో లేదో ముందే అడగండి. మాకు ఉంది. రిపేరు జరుగుతున్నప్పుడు వచ్చి చూస్తారా అని కూడా అడగండి. మా ఇంజనీరు దానికి విడిగా తీసుకుంటున్నారు. ఊచల తుప్పు గీకి ప్రైమర్ వేశాక, మోర్టార్ పెట్టకముందు ఒక్కసారైనా ఆయన్ని రప్పించుకోండి. మూసేశాక లోపల ఏం చేశారో ఎవరికీ కనపడదు.