తుంటి గిన్నె విరిగాక: వాకర్, కమోడ్ కుర్చీ, ఎల్బో కర్రలు – ఏడాది వాడకం తర్వాత

తుంటి గిన్నె, అంటే తొడ ఎముక తల తిరిగే గుంట, డాక్టర్లు అసిటాబ్యులం అనేది, విరగడం వేరు. తొడ ఎముక మెడ విరిగి ఆ తలని, అంటే బంతిని, మార్పించుకోవడం వేరు. బంతి మార్చినవాళ్లని చాలామందిని మర్నాడే లేపి నడిపిస్తారు. గిన్నె విరిగితే ప్లేటు వేసినా వేయకపోయినా మామూలుగా 8 నుంచి 12 వారాలు ఆ కాలి మీద బరువు మోపనివ్వరు, మహా అయితే వేళ్లు నేలకి ఆనించనిస్తారు. కాబట్టి పక్కింటి మామ్మగారికి కుదిరిన సామాను ఇక్కడ కుదరకపోవచ్చు.

వాకర్‌తో మొదలుపెడదాం. విజయవాడ సూర్యారావుపేట సర్జికల్ షాపులో నున్నటి బండల మీద చక్రాల వాకర్ హాయిగా జారుతుంది, చూడగానే అదే కొనాలనిపిస్తుంది. కొనకండి. ఇంట్లో గడప దగ్గర చక్రం ఆగుతుంది, గట్టిగా తోస్తే ఒక్కసారిగా ముందుకి పరుగెడుతుంది. ఒంటికాలి మీద ఉన్న మనిషి దాన్ని ఆపలేడు. చక్రాల్లేని, మడిచే అల్యూమినియం వాకర్ తేలిక, ఎత్తి గడప అవతల పెట్టుకోవచ్చు.

ఎత్తు ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే సరిచూడాలి. చేతులు వదిలేసి నిలబడితే పిడి మణికట్టు మడత దగ్గరకి రావాలి. పట్టుకున్నప్పుడు మోచెయ్యి కొద్దిగా వంగాలి. నాలుగు కాళ్లకీ రంధ్రాలు లెక్కపెట్టి ఒకే రంధ్రంలో బటన్ టక్కుమనేదాకా తిప్పాలి. బటన్ సగం దిగి ఆగితే చూపుకి తెలీదు, బరువు పడ్డాకే జారుతుంది.

నడక వరస ఇది: వాకర్ ముందు, దెబ్బ కాలు తర్వాత, బరువంతా చేతుల మీద వేసి మంచి కాలు చివర. మంచి కాలు ముందు కడ్డీకి తగిలేంత దగ్గరకి తెస్తే మనిషి వెనక్కి తూలతాడు. వాకర్ చట్రంలో సగం దాకా చాలు.

అరిగేది వాకర్ కాళ్ల కింది రబ్బరు బూట్లే. లోపల ఇనుప వాషర్ లేని చవక రకమైతే గొట్టం అంచు రబ్బరుని కోసుకుంటూ కిందికి దిగుతుంది, తడి బాత్రూములో ఆ గొట్టం బండ మీద సర్రున జారుతుంది. వారానికోసారి తిరగేసి చూడాలి, గీతలు అరిగితే మార్చేయాలి. కొత్తవాటికి పాత బూటు పట్టుకెళ్లండి, గొట్టం సైజులు తేడాగా ఉంటాయి. స్నానం దగ్గర రోజూ తడిసే వాకర్‌కి బటన్ లోపలి స్ప్రింగు తుప్పు పడుతుంది, అందుకే బాత్రూమ్ నుంచి వచ్చాక గుడ్డతో తుడవాలి. మే నెల చెమటకి పిడి మీది స్పాంజి తిరిగిపోతుంది. దాని మీద షటిల్ బ్యాటుకి చుట్టే టేపు చుడితే చాలు. ముందు కడ్డీకి బరువైన సంచీ తగిలిస్తే ఎత్తినప్పుడల్లా వాకర్ ముందుకి వాలుతుంది. ఫోను, చిన్న నీళ్ల సీసా వరకే.

నిజానికి వాకర్ కన్నా కమోడ్ కుర్చీ ఎక్కువ ఆదుకుంది. గిన్నె వెనక గోడ విరిగినవాళ్లు తుంటిని 90 డిగ్రీలు దాటి వంచకూడదు. వంచితే బంతి వెనక్కి తోసుకొస్తుంది. మామూలు వెస్టర్న్ సీటు చాలామందికి పొట్టి. మోకాలి వెనక మడత నుంచి నేలకి కొలిచి, దానికి రెండంగుళాలు కలిపితే కావలసిన ఎత్తు. కాళ్ల ఎత్తు మార్చే కమోడ్ కుర్చీని, కింది బకెట్ తీసేసి, ఉన్న సీటు మీదుగా నిలబెట్టొచ్చు. బాత్రూమ్ నేల జాలీ వైపు వాలుగా ఉంటుంది కాబట్టి ఒక కాలు ఒక రంధ్రం ఎక్కువ దించాల్సి రావచ్చు. ఊగుతుంటే కూర్చోవద్దు.

హాల్లో కూర్చోవడానికి చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు రెండు ఒకదాంట్లో ఒకటి పెడితే ఎత్తూ పెరుగుతుంది, గట్టిగానూ ఉంటుంది. రెండూ ఒకే రకం కావాలి. సోఫా, నులక మంచం దగ్గరకి వెళ్లొద్దు, మధ్యలో కుంగిపోతాయి. ఎక్స్-రేకి వెళ్లేటప్పుడు ఆటో కూడా వద్దు. కారు ముందు సీటు పూర్తిగా వెనక్కి జరిపి, వీపు వాల్చి, సీటు మీద పాలిథిన్ కవరు పరిచి, ముందు పిర్రలు, తర్వాత కాళ్లు. కవరు మీద తిరగడం తేలిక.

ఎల్బో కర్రలు, అంటే ముంజేతికి పట్టు ఉండేవి, డాక్టరు బరువు మోపమన్నాకే. ఎంత మోపాలో అందాజుగా తెలీదు. బరువు తూచే మెషీన్ పక్కన అంతే ఎత్తు పుస్తకాల కట్ట పెట్టి, మంచి కాలు కట్ట మీద, దెబ్బ కాలు మెషీన్ మీద వేసి నొక్కి చూడాలి. 60 కిలోల మనిషికి సగం బరువంటే ముల్లు 30 దగ్గర ఆగాలి. రోజూ నాలుగైదుసార్లు చేస్తే కాలికి ఆ లెక్క అలవాటవుతుంది. ఒక్క కర్రకి దిగాక దాన్ని మంచి కాలి వైపు చేత్తో పట్టుకోవాలి. దాదాపు అందరూ దెబ్బ వైపే పట్టుకుంటారు, దాంతో ఒళ్లు అటే ఒరిగి కుంటు అలవాటవుతుంది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు.

దండగయినవి: నడుం బెల్టు, రింగు దిండు, మర్దన నూనెలు. గిన్నె కండల లోతున ఉంటుంది, పైనుంచి కట్టే ఏ కట్టూ దాన్ని పట్టి ఉంచలేదు. మొదటి వారాల్లో తుంటి చుట్టూ గట్టిగా మర్దన చేయిస్తే మేలు లేదు సరికదా, ఆపరేషన్ జరిగిన కండలో అదనపు ఎముక పెరిగే బెడద అసలే ఉంది. పిక్క వాచి నొప్పెడుతున్నా, ఆయాసం వచ్చినా, పాదం పైకి లేవకపోయినా సామాను సంగతి పక్కనపెట్టి ఆసుపత్రికి వెళ్లాలి. మొదటి రెండూ రక్తం గడ్డ గుర్తులు కావచ్చు, మూడోది నరానిది.

వాకర్ పని అయ్యాక ఇంకొకరికి ఇచ్చేటప్పుడు రబ్బరు బూట్లు కొత్తవి వేసి ఇవ్వండి. ఎత్తు మాత్రం వాళ్లనే నిలబెట్టి మళ్లీ సరిచూడాలి.